దూరం – కాలం : నాందేడు నుండి కడపకు

పాఠ్యభాగ ఉద్దేశం

రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత అనే ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. రోడ్డు చెప్పే దూరం ఒకటి, రైలు చెప్పేది మరొకటి, ఆకాశమార్గం చెప్పేది ఇంకొకటి. ఆ దూరాన్ని దాటడానికి పట్టే కాలం వీటన్నింటికీ భిన్నమైనది. రెండు చిన్న విమానాశ్రయాలను ఉదాహరణగా తీసికొని దూరానికీ, కాలానికీ గల సంబంధాన్ని వివరించడం, విమానయానం సామాన్యునికి ఎంతవరకు అందివచ్చిందో ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

దూరాన్ని కాలంతో కొలిచిన భాష

మన పూర్వులు దూరాన్ని కొలవడానికి పలు పదాలను వాడినారు. కేక వేస్తే వినిపించేంత దూరం కూతవేటు. రెండు మైళ్ళకు కొంచెం అటూ ఇటూగా ఉండేది క్రోసు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. అయితే ప్రయాణానికి బయలుదేరే వానికి ఈ కొలతల కంటె ముఖ్యమైనది మరొకటి ఉండేది. అది కాలం. 'ఆ ఊరు ఒక పూట ప్రయాణం', 'బండి మీద రెండు జాములు పడుతుంది', 'పొద్దుగూకే వేళకు చేరుకుంటాం' అని వారు చెప్పుకొనేవారు. దారిలో వాగు ఉంటే, గుట్ట ఉంటే, బురద నేల ఉంటే కాలం పెరుగుతుంది. దూరం మాత్రం మారదు. దూరం నేల లక్షణం, కాలం ప్రయాణ లక్షణం అనే ఎరుక ఈ మాటలలో దాగి ఉన్నది.

నిజామాబాదు జిల్లా చెరకు రైతుకు ఈ ఎరుక అనుభవం నేర్పిన పాఠం. నిజాంసాగర్ కాలువల కింద పండిన చెరకు ఒకప్పుడు బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర కర్మాగారానికి బండ్ల మీద, ట్రాక్టర్ల మీద చేరేది. నిజాం పాలనలో స్థాపితమైన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. నరికిన చెరకును ఒక రోజు లోపల గానుగకు చేర్చకపోతే గడ ఎండి బరువు తగ్గుతుంది. అందులోని చక్కెర పాలు కూడా తగ్గిపోతుంది. కర్మాగారం పది కిలోమీటర్ల దూరంలో ఉన్నదా, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నదా అన్నది రైతుకు అసలు ప్రశ్న కాదు. గేటు ముందు వరుసలో బండి ఎన్ని గంటలు నిలబడవలసి వస్తుందన్నదే అసలు ప్రశ్న. చెరకు బండికి వర్తించే ఈ సూత్రమే విమానానికీ వర్తిస్తుంది. అది ఎట్లాగో తెలిసికొందాం.

రెండు చిన్న విమానాశ్రయాలు

నవీపేట్ నిజామాబాదు జిల్లాలో ఒక మండల కేంద్రం. సికింద్రాబాదు నుండి మన్మాడ్ వెళ్ళే రైలు మార్గం మీద నిజామాబాదుకు, బాసరకు నడుమ ఉన్నది. ఈ మండలంలోని యంచ గ్రామం పక్కనే గోదావరి ప్రవహిస్తుంది. ఇక్కడి వారికి విమానాశ్రయం అనగానే హైదరాబాదు సమీపంలోని శంషాబాదు గుర్తుకు వస్తుంది. కానీ భూపటాన్ని తెరచి చూస్తే నవీపేట్‌కు మరింత దగ్గరగా మరొక విమానాశ్రయం కనిపిస్తుంది. అది మహారాష్ట్రలోని నాందేడు. గగనతలంలో నవీపేట్ నుండి నాందేడు విమానాశ్రయానికి సుమారు 80 కిలోమీటర్లు. శంషాబాదుకు సుమారు 180 కిలోమీటర్లు.

నాందేడు గోదావరి తీర నగరం. సిక్కుల పదవ గురువు గురు గోబింద్ సింగ్ 1708లో అక్కడే దేహం చాలించారు. 2008లో జరిగిన త్రిశతాబ్ది ఉత్సవాల సందర్భంగా అక్కడి విమానాశ్రయాన్ని విస్తరించారు. ఇక రాయలసీమలోని కడపలో పాత విమానతలాన్ని ఆధునికీకరించి, కొత్త ప్రయాణికుల భవనంతో 2015 జూన్ 7న ప్రారంభించారు. శంషాబాదు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు కాగా, ఈ రెండు చోట్లా రన్‌వేలు అందులో సుమారు సగం పొడవు గలవి మాత్రమే.

ఈ రెండు చిన్న విమానాశ్రయాలు ఒకే రోజున జాతీయ వార్తలలోకి వచ్చాయి. చిన్న పట్టణాలను విమానాలతో కలపాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో 'ఉడాన్' పథకాన్ని ప్రకటించింది. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లా నుండి ఆ పథకం కింద తొలి విమానాలను ప్రారంభించారు. సిమ్లా – ఢిల్లీ విమానంతో పాటు కడప – హైదరాబాదు, నాందేడు – హైదరాబాదు విమానాలు కూడా ఆ రోజే మొదలైనాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ట్రూజెట్ సంస్థ ఈ రెండు మార్గాలలోనూ విమానాలను నడిపింది. గోదావరి ఒడ్డున ఒక ఊరు, పెన్నా పరీవాహక ప్రాంతంలో మరొక ఊరు ఈ విధంగా ఒకే పథకంలో చేరినాయి. కానీ రెండు విమానాలూ హైదరాబాదుకే. నాందేడు నుండి కడపకు సూటి విమానం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు ఆ రెండింటి మధ్య దూరం ఎంతో లెక్క కట్టాలి.

గగనతల దూరాన్ని లెక్కించడం

భూమి గోళాకారంలో ఉన్నది కనుక రెండు ప్రదేశాల మధ్య అతి తక్కువ దూరం గోళం మీద గీచిన ఒక వక్రరేఖ. భూకేంద్రాన్ని తన కేంద్రంగా గల వృత్తంలో అది ఒక భాగం. అట్టి వృత్తాన్ని మహావృత్తం అంటారు. మీ కళాశాలలో గోళం ఉంటే ఒక దారాన్ని హైదరాబాదు మీద ఒక కొస, అమెరికాలోని చికాగో మీద మరొక కొస ఉంచి బిగువుగా లాగి చూడండి. దారం పశ్చిమంగా అట్లాంటిక్ సముద్రం మధ్యకు పోకుండా ఉత్తర ధ్రువ ప్రాంతం వైపుగా సాగుతుంది. పటంలో వంకరగా కనిపించే మార్గమే నిజానికి దగ్గరి దారి.

అయితే దూరం కొన్ని వందల కిలోమీటర్లు మాత్రమే అయినప్పుడు భూమి వంపు వలన కలిగే తేడా స్వల్పం. అప్పుడు పైథాగరస్ సూత్రమే చాలును. నాందేడు విమానాశ్రయం 19.18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.32 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. కడప విమానాశ్రయం 14.51 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.77 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది.

అక్షాంశాల భేదం 4.67 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశానికి సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి కడప నాందేడుకు దక్షిణంగా 518 కిలోమీటర్లు.

రేఖాంశాల భేదం 1.45 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. మన ప్రాంతపు అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశానికి సుమారు 106 కిలోమీటర్లే వస్తుంది. కాబట్టి కడప నాందేడుకు తూర్పుగా 154 కిలోమీటర్లు.

ఈ రెండింటిని లంబకోణ త్రిభుజపు రెండు భుజాలుగా భావిస్తే కర్ణం సుమారు 540 కిలోమీటర్లు. ఇదే నాందేడు – కడపల మధ్య గగనతల దూరం. విమానయానంలో దూరాన్ని కిలోమీటర్లలో గాక నాటికల్ మైళ్ళలో చెప్పడం వాడుక. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం దాదాపు అంత పొడవే ఉంటుంది. ఆ లెక్కన ఈ దూరం సుమారు 292 నాటికల్ మైళ్ళు.

ఈ సరళరేఖ ఏయే ప్రాంతాల మీదుగా సాగుతుందో పటంలో గుర్తించడం ఆసక్తికరంగా ఉంటుంది. నాందేడు నుండి బయలుదేరిన రేఖ నారాయణఖేడ్‌కు చేరువగా వచ్చి, మూసీ నది పుట్టిన వికారాబాదు అనంతగిరి కొండలను సమీపిస్తుంది. ఆపై మహబూబ్‌నగర్‌కు కొద్దిగా తూర్పున సాగి, కృష్ణా తుంగభద్రల సంగమ ప్రాంతాన్ని దాటి, నంద్యాల మీదుగా కడప చేరుతుంది.

ఇక్కడ మరొక విశేషం ఉన్నది. నాందేడు నుండి శంషాబాదుకు గగనతల దూరం సుమారు 246 కిలోమీటర్లు. శంషాబాదు నుండి కడపకు సుమారు 306 కిలోమీటర్లు. రెండూ కలిపితే 552 కిలోమీటర్లు. సూటి మార్గం కంటె ఇది 12 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. అనగా హైదరాబాదు మీదుగా పోవడం వలన దూరంలో చెప్పుకోదగిన నష్టం లేదు. నష్టమంతా కాలంలోనే ఉన్నది.

వేగం, గాలి

ఇటువంటి మార్గాలలో సాధారణంగా నడిచేవి ఎ.టి.ఆర్. 72 రకపు విమానాలు. వీటిలో సుమారు డెబ్బది మంది కూర్చోగలరు. రెండు పంకాల ఇంజన్లతో ఐదారు కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పయనిస్తాయి. జెట్ విమానాల కంటె వేగం తక్కువైనా చిన్న రన్‌వేలపై దిగగలవు. తక్కువ దూరాలకు ఇంధనం తక్కువ తీసికొంటాయి.

540 కిలోమీటర్ల దూరాన్ని 500 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 65 నిమిషాలు వస్తుంది. కానీ 500 కిలోమీటర్లన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చినప్పటి వేగం. ఆ గాలి తానే కదులుతూ ఉంటే నేలతో పోల్చినప్పటి వేగం మారుతుంది. గోదావరిలో పడవ ప్రయాణం చేసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఏటివాలుకు పోయే పడవ త్వరగా పోతుంది. ఎదురీదే పడవ ఆలస్యంగా పోతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గాలి ఎదురుగా వీస్తున్నదని అనుకుందాం. విమానం నేల మీది వేగం 450 కిలోమీటర్లకు తగ్గి, ప్రయాణానికి 72 నిమిషాలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనుక నుండి తోస్తే వేగం 550 కిలోమీటర్లకు పెరిగి 59 నిమిషాలు చాలును. పోయేటప్పుడు ఏడు నిమిషాలు నష్టపోయి, వచ్చేటప్పుడు ఆరు నిమిషాలే లాభపడినాం. ఎదురుగాలి చేసిన నష్టాన్ని వెనుకగాలి పూర్తిగా తీర్చదు. విమానం నష్టపోయే వేగంతో ఎక్కువ సేపు, లాభపడే వేగంతో తక్కువ సేపు ప్రయాణించడమే ఇందుకు కారణం.

నాందేడు – కడప మార్గం ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. దక్కను మీద వీచే గాలులు ఎక్కువ భాగం తూర్పు పడమరల దిశలో ఉంటాయి. కాబట్టి ఈ మార్గంలో విమానానికి గాలి పక్క నుండి తగులుతుంది. కందకుర్తి వద్ద నది దాటే పడవవాడు అవతలి రేవుకు సూటిగా చేరడానికి పడవ ముక్కును కొంచెం ఎగువకు తిప్పి ఉంచుతాడు గదా! విమాన చోదకుడు కూడా ముక్కును గాలి వచ్చే వైపుకు కొద్దిగా తిప్పి నడుపుతాడు. పక్కగాలి గంటకు 50 కిలోమీటర్లే అయితే ఈ విధంగా పోయే కాలం ఒక నిమిషం కూడా ఉండదు.

తూర్పు పడమరల మార్గంలో గాలి ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. దుబాయి నుండి హైదరాబాదుకు గగనతల దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. చలికాలంలో ఎత్తున వీచే పడమటి గాలులు హైదరాబాదు వచ్చే విమానాన్ని ముందుకు తోస్తాయి. దుబాయి పోయే విమానానికి అవే ఎదురవుతాయి. ఒకే దారిలో రాకకు సుమారు మూడున్నర గంటలు, పోకకు సుమారు నాలుగు గంటలు పట్టడానికి ఇది కారణం.

నేల మీద గడిచే నిమిషాలు

నాందేడు నుండి శంషాబాదుకు 246 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో అరగంటలో చేరవలసిన దూరం. కానీ ఇటువంటి ప్రయాణానికి కాలపట్టికలో దాదాపు గంట చూపుతారు. మిగిలిన అరగంట ఏమైనది?

విమానయానంలో ప్రయాణ కాలమంటే ఆకాశంలో ఉన్న కాలం కాదు. విమానం నిలిచిన చోటు నుండి కదిలిన క్షణం మొదలు, గమ్యస్థానంలో తిరిగి నిలిచిన క్షణం వరకు లెక్కిస్తారు. దీనిని బ్లాక్ టైమ్ అంటారు. నిలుపుదల స్థలం నుండి రన్‌వే చివరకు మెల్లగా నడిచిపోవాలి. అనుమతి కోసం వేచి ఉండాలి. ఎగిరిన తరువాత ఐదారు కిలోమీటర్ల ఎత్తుకు చేరడానికి పదిహేను నిమిషాలకు పైగా పట్టవచ్చు. ఆ సమయంలో విమానం పూర్తి వేగంతో ఉండదు. దిగేటప్పుడు మళ్ళీ వేగం తగ్గించుకోవాలి.

దిశ కూడా లెక్కలోకి వస్తుంది. విమానాలు గాలికి ఎదురుగా ఎగురుతాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. నాందేడులోను, కడపలోను రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ప్రయాణమో దక్షిణానికి. నైరుతి రుతుపవనాల కాలంలో నాందేడు నుండి పడమరకు ఎగిరిన విమానం ఆపై ఎడమకు మళ్ళి దక్షిణానికి తిరగాలి. కడపలో దిగడానికి మళ్ళీ పడమర ముఖంగా వచ్చేటట్లు చుట్టు తిరగాలి. పటం మీది సరళరేఖకు రెండు కొసలలోను ఈ విధంగా కొంకులు ఏర్పడతాయి.

ఈ కాలమంతా దూరంతో సంబంధం లేనిది. వంద కిలోమీటర్లు పోయినా, వేయి కిలోమీటర్లు పోయినా చెల్లించక తప్పదు. అందువలన ప్రయాణం చిన్నదైనకొద్దీ విమానపు సగటు వేగం పడిపోతుంది. 246 కిలోమీటర్లకు గంట పడితే సగటు వేగం గంటకు 246 కిలోమీటర్లే. 540 కిలోమీటర్ల సూటి ప్రయాణానికి గంటన్నర అనుకుంటే 360 కిలోమీటర్లు. మూడున్నర గంటలలో ముగిసే దుబాయి ప్రయాణంలో 700 కిలోమీటర్లు దాటుతుంది. విమానపు ప్రయోజనం దూరప్రయాణాలలో పూర్తిగా కనిపిస్తుంది. దగ్గరి ఊళ్ళకు అది బస్సుతో, రైలుతో పోటీపడవలసినదే.

సూటి విమానం ఎందుకు లేదు?

నవీపేట్ నుండి రెంజల్‌కో, మరొక మండలానికో పోవలసిన వారు పలుమారులు నిజామాబాదు బస్‌స్టాండుకు వచ్చి బస్సు మారవలసి ఉంటుంది. ప్రతి ఊరి నుండి ప్రతి ఊరికి బస్సు వేయడం సాధ్యం కాదు. విమానాల సంగతీ అంతే.

పది చిన్న విమానాశ్రయాలు ఉన్నాయనుకుందాం. ప్రతి రెండింటి మధ్య సూటి విమానం నడపాలంటే 45 మార్గాలు కావాలి. అన్నింటినీ ఒక పెద్ద విమానాశ్రయంతో కలిపితే పది మార్గాలు చాలును. బండి చక్రంలో ఆకులన్నీ నడిమి కుండలో కలిసినట్లుగా చిన్న ఊళ్ళ విమానాలన్నీ ఒక పెద్ద నగరంలో కలుస్తాయి. నాందేడు నుండి హైదరాబాదుకు పోయే విమానంలో హైదరాబాదులో పని ఉన్నవారు, అక్కడి నుండి ఢిల్లీకి, చెన్నైకి, గల్ఫ్ దేశాలకు పోయేవారు అందరూ కలిసి డెబ్బది సీట్లను నింపగలరు. నాందేడు నుండి కడపకే పోవలసిన వారు రోజుకు డెబ్బది మంది దొరకడం కష్టం.

ఉడాన్ పథకం ఈ కష్టాన్ని కొంత తగ్గించే ప్రయత్నం చేసింది. సుమారు గంట ప్రయాణానికి, విమానంలోని కొన్ని సీట్లకు రూ. 2,500 గరిష్ఠ ధరగా నిర్ణయించి, దాని వలన సంస్థకు కలిగే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం పూరించే ఏర్పాటు చేసింది. అయితే లోటు పూరణకు గడువు ఉన్నది. గడువు తీరేలోగా ప్రయాణికులు తగినంతమంది అలవాటు పడకపోతే మార్గం నిలవదు. ట్రూజెట్ సంస్థ ఆర్థిక ఇబ్బందులతో 2022లో తన విమానాలను నిలిపివేసింది. ఆ సంవత్సరమే మరొక సంస్థ కడపకు విమానాలను నడపసాగింది. నాందేడుకు మాత్రం 2024లో గాని తిరిగి సర్వీసులు రాలేదు. రన్‌వే ఉన్నంత మాత్రాన విమానాశ్రయం ఉన్నట్లు కాదని ఈ అనుభవం తెలుపుతున్నది. చెరువు ఉండి నీరు లేకపోవడం వంటిదే అది.

గడప నుండి గడప వరకు

ప్రయాణికునికి కావలసినది రన్‌వే నుండి రన్‌వే వరకు పట్టే కాలం కాదు. తన ఇంటి గడప నుండి చేరవలసిన ఇంటి గడప వరకు పట్టే కాలం. నవీపేట్ నుండి ఒకరు కడపకు పోవలసి ఉన్నదని భావించి, ఉజ్జాయింపు అంకెలతో మూడు మార్గాలను పోల్చి చూద్దాం.

మొదటి మార్గం : నాందేడు వెళ్ళి, విమానంలో హైదరాబాదు వచ్చి, అక్కడ విమానం మారి కడప చేరడం. నాందేడు విమానాశ్రయానికి రోడ్డు మీద రెండున్నర గంటలు. విమానం వేళకు గంట ముందు హాజరు. హైదరాబాదుకు గంట. అక్కడ నిరీక్షణ రెండు గంటలు. కడపకు గంటా పది నిమిషాలు. విమానాశ్రయం నుండి ఊరిలోకి అరగంట. మొత్తం ఎనిమిది గంటల పది నిమిషాలు.

రెండవ మార్గం : రోడ్డు మీద శంషాబాదు వెళ్ళి కడప విమానం ఎక్కడం. శంషాబాదుకు నాలుగున్నర గంటలు. ముందస్తు హాజరు గంట. కడపకు గంటా పది నిమిషాలు. ఊరిలోకి అరగంట. మొత్తం ఏడు గంటల పది నిమిషాలు.

మూడవ మార్గం : నాందేడు నుండి కడపకు సూటి విమానం ఉన్నదనే ఊహ. నాందేడుకు రెండున్నర గంటలు, ముందస్తు హాజరు గంట, విమానంలో గంటన్నర, ఊరిలోకి అరగంట. మొత్తం ఐదున్నర గంటలు.

దగ్గరి విమానాశ్రయం నుండి బయలుదేరినవాడు దూరపు విమానాశ్రయం నుండి బయలుదేరినవాని కంటె గంట ఆలస్యంగా చేరుకున్నాడు! విమానం మారడానికి గడిపిన రెండు గంటలే ఇందుకు కారణం. సూటి విమానం ఉంటే గగనతలంలో ఆదా అయ్యే దూరం 12 కిలోమీటర్లే అయినా, ఆదా అయ్యే కాలం రెండు గంటల నలభై నిమిషాలు. మొదటి మార్గంలోని ఎనిమిది గంటలలో విమానం లోపల గడిపినది రెండు గంటల పది నిమిషాలు మాత్రమే అని గమనించాలి.

ఇక నిజామాబాదు నుండి హైదరాబాదు, రాయచూరు, గుంతకల్లుల మీదుగా కడప దాటి తిరుపతి వెళ్ళే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక రాత్రి రైలులో గడుస్తుంది. కానీ దారిలో బండి మారే పని లేదు, చార్జీ తక్కువ, సామాను తీసికొనిపోవడం సులభం. కాలం విలువ అందరికీ ఒకటి కాదు. అందుచేత అందరికీ ఒకే మార్గం ఉత్తమం కాజాలదు.

గగనతల దూరానికి చట్టబలం

గగనతల దూరం భూగోళ పాఠానికి మాత్రమే పరిమితమైనదని అనుకోరాదు. ఒక ప్రాంతానికి విమానాశ్రయం రావడం, రాకపోవడం కొన్నిసార్లు దాని మీద ఆధారపడి ఉంటుంది. శంషాబాదు విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన ఒప్పందంలో ఒక నిబంధన ఉన్నది. ఆ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి 25 ఏళ్ళ వరకు, దానికి గగనతలంలో 150 కిలోమీటర్ల లోపల మరొక విమానాశ్రయాన్ని అనుమతించరాదన్నది దాని సారాంశం.

వరంగల్ సమీపంలోని మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉన్నది. శంషాబాదు నుండి దానికి గగనతల దూరం సుమారు 145 కిలోమీటర్లు. హద్దుకు ఐదు కిలోమీటర్ల లోపల ఉన్నందువలన దాని పునరుద్ధరణకు శంషాబాదు విమానాశ్రయ సంస్థ సమ్మతి అవసరమైనది. ఆ సమ్మతి లభించిన తరువాత 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. నిజామాబాదు జిల్లాలోని జక్రాన్‌పల్లి వద్ద విమానాశ్రయం నిర్మించాలనే ప్రతిపాదన కూడా చాలాకాలంగా ఉన్నదే. ఆ స్థలం 150 కిలోమీటర్ల హద్దుకు ఆవల ఉన్నది కనుక దానికి ఈ నిబంధన అడ్డు కాదు. అక్కడి అసలు ప్రశ్న రోజూ విమానాన్ని నింపగల ప్రయాణికులు ఉన్నారా అన్నదే.

చివరి రెండు వందల కిలోమీటర్లు

ఆ ప్రశ్నకు సమాధానం వెదికేటప్పుడు ఒక విషయాన్ని మరువరాదు. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుండి వేలాది మంది బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వలసపోయినారు. నవీపేట్, బోధన్ పరిసరాలలోని పల్లెలలోనూ గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్ళు కనిపిస్తాయి. వారికి విమానం విలాసం కాదు. ఊరికీ, ఉపాధికీ నడుమ ఉన్న ఏకైక వంతెన.

దుబాయి నుండి బయలుదేరినవాడు 2,550 కిలోమీటర్ల దూరాన్ని, అరేబియా సముద్రంతో సహా, మూడున్నర గంటలలో దాటుతాడు. శంషాబాదులో దిగి, తనిఖీలు ముగించుకొని, రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న రోడ్డు దాటి నవీపేట్ చేరడానికి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. 2008 మార్చి వరకు హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. అది నగరానికి దక్షిణాన శంషాబాదుకు మారడంతో ఉత్తర దిశ నుండి వచ్చే ఈ జిల్లాల వారికి నగరాన్ని దాటిపోవలసిన ప్రయాణం అదనంగా చేరింది. బాహ్య వలయ రహదారి వచ్చిన తరువాత ఆ కష్టం కొంత తగ్గింది. దుబాయి – హైదరాబాదుల మధ్య దూరం ఈ మార్పులలో దేనివలనా పెద్దగా మారలేదు. ఇంటికి చేరే కాలం మాత్రం పెరిగింది, తగ్గింది.

సెలవు మీద సంతోషంగా వచ్చేవాడు ఆ గంటలను ఓర్చుకొంటాడు. తల్లియో తండ్రియో కన్నుమూసినారన్న కబురు విని వచ్చేవాని సంగతి వేరు. ఇంటి ముందు పాడె సిద్ధమై ఉంటుంది. బంధువులు పొద్దు వాలుతున్నదని తొందరపడుతుంటారు. కొడుకు వచ్చేవరకు ఆగుదామా, వద్దా అని పెద్దలు చర్చించుకొంటూ ఉంటారు. ఆ సమయంలో ఒక గంట తేడా కడసారి చూపు దక్కుతుందా లేదా అన్నది నిర్ణయిస్తుంది. అత్యవసర వైద్యం కోసం నగరానికి తరలించే రోగి విషయమూ ఇటువంటిదే. విమానాశ్రయం ఎక్కడ ఉండాలి, దానికి రోడ్డు ఎట్లా ఉండాలి, విమానం ఏ వేళకు బయలుదేరాలి అనే నిర్ణయాల వెనుక ఈ మనుషులు ఉన్నారు.

ముగింపు

నాందేడు – కడపల మధ్య 540 కిలోమీటర్లన్నది స్థిరమైన సత్యం. దానిని ఎవరూ పెంచలేరు, తగ్గించలేరు. ఐదున్నర గంటలా, ఎనిమిది గంటలా అన్నది మాత్రం మనుషులు చేసే ఏర్పాట్ల మీద ఆధారపడి ఉన్నది. వేగవంతమైన యంత్రం ఒక్కటే కాలాన్ని ఆదా చేయజాలదు. మంచి రోడ్డు, వేళకు అందే బస్సు, తక్కువ నిరీక్షణ, నిలకడగా నడిచే సర్వీసు, సామాన్యునికి అందుబాటులో ఉన్న ధర – ఇవన్నీ కలిసినప్పుడే దూరం దగ్గరవుతుంది. ఎవరైనా 'ఆ ఊరు ఎంత దూరం?' అని అడిగినప్పుడు కిలోమీటర్లతో పాటు గంటలనూ, ఖర్చునూ కలిపి చెప్పగలగడమే సరియైన సమాధానం.

పదాలు – అర్థాలు

గగనతలం : ఆకాశ ప్రదేశం
మహావృత్తం : భూకేంద్రాన్ని కేంద్రంగా కలిగి, భూగోళాన్ని రెండు సమభాగాలు చేసే వృత్తం
కర్ణం : లంబకోణానికి ఎదుట ఉండే భుజం
ఆకులు : బండి చక్రంలో కుండకు, అంచుకు నడుమ ఉండే కొయ్య పట్టెలు
ఉజ్జాయింపు : సుమారు అంచనా
ఎగువ : నది ప్రవాహం వచ్చే వైపు
నిరీక్షణ : ఎదురుచూడటం
సమ్మతి : అంగీకారం
కడసారి చూపు : చివరి దర్శనం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గగనతల దూరానికీ, ప్రయాణ కాలానికీ గల భేదాన్ని నాందేడు – కడప ఉదాహరణతో వివరించండి.
2. రెండు చిన్న విమానాశ్రయాల మధ్య సూటి విమానాలు అరుదుగా ఉండటానికి కారణాలను తెలపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. చెరకు రైతుకు దూరం కంటె కాలం ఎందుకు ముఖ్యం?
2. ఎదురుగాలి చేసిన నష్టాన్ని వెనుకగాలి పూర్తిగా ఎందుకు తీర్చలేదు?
3. 150 కిలోమీటర్ల నిబంధన మామునూరుకు, జక్రాన్‌పల్లికి ఏ విధంగా భిన్నంగా వర్తిస్తుంది?

ఇ) భాషా కార్యకలాపం
మీ ఊరి పెద్దలను అడిగి దూరాన్ని, కాలాన్ని తెలిపే పాత పదాలను సేకరించండి. మీ ఊరి నుండి సమీప విమానాశ్రయానికి ఇంటి గడప మొదలు పట్టే కాలాన్ని దశల వారీగా లెక్కించి పట్టిక తయారు చేయండి.